ట్రాన్స్‌జెండర్ల హక్కుల చట్టం వచ్చింది కదా, వాళ్లకి ఇంకా ధర్నాలెందుకు అంటున్నారు. ఏం చెప్పాలి?

కావలి కుర్రాడు:
మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒకప్పుడు ట్రాన్స్‌జెండర్ల మీద బూతు జోకులే వచ్చేవి. 2014లో సుప్రీంకోర్టు నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసు తీర్పులో ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకునే హక్కు ఉందన్నాక మెల్లమెల్లగా మారారు, ఇప్పుడు ఎవరైనా జోకేస్తే మిగతావాళ్లే ఆపుతున్నారు. కానీ ధర్నా ఫొటో ఒక్కటి వస్తే చాలు, "అన్నీ ఇచ్చారుగా, ఇంకేం కావాలి" అని మొదలు. జాలి చూపిస్తారు, గొంతెత్తితే మాత్రం కోపం. నాకు బాధగా ఉంది.

సింగరాయకొండ:
2019 చట్టం చదవమను తమ్ముడూ. ట్రాన్స్ మనిషిపై లైంగిక దాడికి అందులో రాసిన గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు. స్త్రీపై అత్యాచారానికి కనీస శిక్షే 10 ఏళ్లు. ఇది అడగొద్దా?

కందుకూరు:
రైల్లో చప్పట్లు కొట్టి డబ్బులడిగితే జనానికి భయం వేయదా? అదీ ఆలోచించాలి.

ఒంగోలు అక్క:
పనిస్తే ఎవరూ రైలెక్కరు అన్నా. నేను ట్రాన్స్ మహిళని. గుర్తింపు కార్డుకి డాక్టరు పరీక్ష అక్కర్లేదు, అఫిడవిట్ చాలని 2020 నిబంధనల్లోనే రాశారు. అయినా అప్పట్లో ఒక ఆఫీసులో సీట్లో ఉన్నాయన అందరి ముందూ "ఆపరేషన్ అయిందా" అనడిగాడు, చేతిలో జిరాక్సులు చెమటకి తడిసిపోయాయి. నాతో వచ్చిన నలుగురూ గట్టిగా నిలబడి మాట్లాడబట్టే కాగితం తీసుకున్నారు.

కావలి కుర్రాడు:
అక్కా, ఇది మా గ్రూపులో పెట్టొచ్చా?

ఒంగోలు అక్క:
పెట్టు నాయనా. ఊరి పేరు తీసెయ్.