నాన్న స్కాన్‌లో పాత దెబ్బలు బయటపడ్డాయి: మీ ఇళ్లలో ముందుగా ఏం కనిపించింది?

చిన్నకొడుకు:

పోయిన నెల మా నాన్నకి పక్షవాతం వచ్చింది. వయసు 67. పొద్దున పళ్లు తోముకుంటుంటే బ్రష్ జారిపడింది, తీసుకుందామంటే చెయ్యి లేవలేదు. గంటలోపే ఆసుపత్రికి చేర్చగలిగాం. ప్రాణాపాయం తప్పింది, కుడిచెయ్యి మెల్లగా స్వాధీనంలోకి వస్తోంది. నేను రాయాలనుకున్నది మాత్రం వేరే సంగతి. ఎమ్మారై చూస్తూ డాక్టరు గారు, "ఇది మొదటిది కాదండీ, లోపల పాతవి ఇంకో మూడున్నాయి, చిన్నచిన్నవి" అన్నారు. ఎప్పుడొచ్చాయో మాకే కాదు, నాన్నకీ తెలియదు.

అప్పట్నుంచి రెండేళ్లు వెనక్కెళ్లి తవ్వుకుంటున్నా. బిల్లులు కట్టే పని అన్నయ్యకి అప్పగించేశారు. రోజూ ఆడే చదరంగం "విసుగ్గా ఉంది" అని మానేశారు. అడుగులు చిన్నవయ్యాయి. పేర్లు, పుట్టినరోజులు అన్నీ బాగానే గుర్తుండేవి, అందుకే మతిమరుపన్న ఆలోచనే రాలేదు. వయసు మీద పడుతోందిలే అనుకున్నాం. బీపీ మాత్ర మాత్రం ఆయనంతట ఆయనే ఆపేశారు. "చూపిస్తే నార్మలే వచ్చింది కదా, ఇంకెందుకు" అన్నారు.

మీ ఇళ్లలో ఇలాంటిది జరిగి ఉంటే, ముందు ఏం కనిపించింది, దేన్ని కొట్టిపారేశారు, రాయండి. సలహాలకన్నా అనుభవాలు చదవాలనుంది.

పాత_రేడియో:

మాత్ర వేసుకుంటున్నందుకే నార్మల్ వచ్చింది. ఈ ఒక్క ముక్క మా ఇంట్లో వాళ్లకి ఎక్కడానికి ఓ మనిషి మంచాన పడాల్సొచ్చింది. మా మామయ్య కూడా అచ్చం మీ నాన్నగారిలాగే. "తలనొప్పి లేదు, కళ్లు తిరగవు, నాకు బీపీ ఏంటి" అనేవారు. మిషన్ పెడితే 180 పైన. అయినా మనిషి దర్జాగా తిరిగేవాడు.

మాకు ఇంకో పొరపాటు కూడా జరిగింది. ఓ రాత్రి మామయ్యకి మూతి ఒక పక్కకి లాగింది, మాట ముద్దగా వచ్చింది. తెల్లారాక చూద్దాం అనుకున్నాం. తెల్లారాక తీసుకెళ్లిన క్లినిక్‌లో స్కానింగే లేదు, ఆ సంగతి అక్కడ రెండు గంటలు కూర్చున్నాక చెప్పారు. చివరికి పెద్దాసుపత్రికి వెళ్తే, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి టైం దాటిపోయిందన్నారు. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట అది.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి 1944లో బీపీ చూస్తే 186/108. మరుసటి ఏడాది ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై పోయారు, ఆ రోజు రీడింగ్ 300/190. ఆ రోజుల్లో సరైన మందే లేదు. అంతటివాడికి దొరకని మందు మన సొరుగులో పడి ఉంటుంది, మనం వేసుకోం!

రాత్రి_డ్యూటీ:

న్యూరో వార్డులో నర్సుగా 21 ఏళ్లు చేశాను. చిన్నకొడుకు గారూ, "పేర్లు గుర్తున్నాయి, చదరంగం మానేశారు" అన్నారు చూడండి, నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

పెద్ద రక్తనాళం మూసుకుపోతే చెయ్యో కాలో పడిపోతుంది, ఇంటిల్లిపాదీ పరిగెత్తుతారు. మెదడు లోతుల్లోకి వెళ్లే సన్నటి నాళాల కథ వేరు. ఏళ్ల తరబడి బీపీ, షుగర్, పొగ వల్ల వాటి గోడలు మందమై బిరుసెక్కుతాయి. ఒకటి మూసుకుంటే గింజంత చోటు చచ్చిపోతుంది. ఆ చోటు చేతిని కదిపే దారిలో లేకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. చుట్టూ రక్తం చాలని భాగాలు స్కాన్‌లో తెల్లటి మచ్చలుగా కనిపిస్తాయి.

ఇవి తెంపేది మెదడులో ఒక భాగానికీ ఇంకో భాగానికీ మధ్య ఉన్న తీగల్ని. అందుకే తరచుగా జ్ఞాపకం కన్నా ముందు వేగం పోతుంది. రెండు పనులు ఒకేసారి చేయలేరు, నాలుగు ఎత్తులు ముందుకి ఆలోచించలేరు, లెక్క మధ్యలో తేలిపోతారు. నడక మారుతుంది. మూత్రం ఆపుకోలేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కూడా ఇందులో భాగమే కావచ్చు. ఇంట్లో వాళ్లకి అది బద్ధకంలా, కోపంలా కనిపిస్తుంది. పేర్లు మర్చిపోతేనే మతిమరుపు అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

లెక్కల_టీచర్:

మా అమ్మకి మెట్లు దిగినట్టుగా జరిగింది. ఆరు నెలలు ఒకేలా ఉండేది, ఉన్నట్టుండి ఓ వారంలో పడిపోయేది, మళ్లీ కొన్నాళ్లు అక్కడే నిలకడ. అల్జీమర్స్ అయితే సాధారణంగా వాలుమీద జారినట్టు తెలియకుండా తగ్గుతుందని, మెట్లు కనిపిస్తే రక్తనాళాల సమస్యని అనుమానించాలని మా న్యూరాలజిస్టు అన్నారు. ముసలితనంలో చాలామందికి రెండూ కలిసే ఉంటాయని కూడా అన్నారు, కాబట్టి పేరు కోసం మరీ కొట్టుకోవద్దని. అమ్మకి 15 ఏళ్లుగా షుగర్, పైగా కొలెస్ట్రాల్. రిపోర్టులన్నీ ఫైల్లో బుద్ధిగా పెట్టాం. పెట్టడమే చేశాం.

గుండెదడ:

నా కేసు వేరు. బీపీ మామూలే. 58 ఏళ్లు, రోజూ నడిచేవాణ్ణి. అప్పుడప్పుడూ గుండె తప్పటడుగులు వేస్తున్నట్టు దడగా ఉండేది, పది నిమిషాల్లో సర్దుకునేది. ఈసీజీ తీస్తే ఏమీ లేదు. టెన్షన్ తగ్గించుకోమన్నారు. నాకూ అదే నచ్చింది, ఆపీసులో టెన్షన్‌కి కొదవేముంది?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అది. ఒంటికి మిషన్ తగిలించి కొన్ని రోజులు వరసగా రికార్డు చేస్తే గానీ దొరకలేదు, వచ్చిపోతుంటుంది కాబట్టి. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతాయి, రక్తం ఓ మూల నిలిచి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకి ఎక్కుతుంది. ఇది ఉన్నవాళ్లకి పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. నేనేమో ముందుజాగ్రత్తని సొంతంగా రెండేళ్లు ఆస్పిరిన్ మింగా. ఈ జబ్బుకి ఆస్పిరిన్ చాలదట. గడ్డ కట్టనివ్వని మాత్రలు వేరే ఉన్నాయి, వార్ఫరిన్ లాంటివి ముప్పుని మూడింట రెండొంతుల దాకా తగ్గిస్తాయి. రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి డాక్టరు లెక్క చూసి ఇస్తారు. నాకు ఎడమచేతి వేళ్లు ఇంకా మొద్దుబారే ఉన్నాయి, ఇది ఒంటిచేత్తో టైపు చేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

సందేహం:

అందరూ భయపెడుతున్నారు. మా తాతయ్య 90 దాకా చుట్ట కాల్చారు, ఏమీ కాలేదు. ఏ చెడ్డ అలవాటూ లేని మా బాబాయికి 50కే వచ్చింది. రాసిపెట్టి ఉంటే ఆగుతుందా?

లెక్కల_టీచర్:

మీ తాతగారు లాటరీ తగిలినాయన అండీ. తగలని వాళ్లు వచ్చి మనకి కథ చెప్పరు కదా. మీ బాబాయిగారి విషయం మాత్రం నిజమే, అలా కూడా జరుగుతుంది. అలవాట్లు బాగుండటం వేరు, బీపీ చూపించుకోవడం వేరు. ఆయనకి ఎప్పుడైనా చూశారా?

32 దేశాల్లో దాదాపు 27 వేలమందితో చేసిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం 2016లో వచ్చింది. పక్షవాతాల్లో 90 శాతం దాకా పది కారణాలతోనే ముడిపడి ఉన్నాయని తేల్చారు. అన్నిటికన్నా పెద్దది బీపీ, దాదాపు సగం వాటా దానిదే. మిగతావి మీకు తెలిసినవే: ఒళ్లు కదపకపోవడం, కొలెస్ట్రాల్, తిండి, పొట్ట, మానసిక ఒత్తిడి, పొగ, గుండె జబ్బు, మద్యం, షుగర్. మతిమరుపు మీద లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో 14 కారణాలు చెప్పింది, అన్నీ అదుపులో పెడితే 45 శాతం దాకా కేసులు రాకుండానో ఆలస్యంగానో చేయొచ్చని అంచనా. అంటే సగానికి పైగా మన చేతిలో లేదు. ఇవి జనం మొత్తం మీద లెక్కలు, మీకో నాకో జాతకం కాదు.

వెన్నెల_నడక:

నేను 46 ఏళ్లకి జరిగింది రాస్తా. కుడి కంటికి పైనుంచి తెర దించినట్టు చీకటి కమ్మింది. నొప్పి లేదు. పది నిమిషాల్లో తెర లేచిపోయింది. కళ్లు అలిసిపోయాయేమో అని పడుకున్నా, మూడు రోజుల తర్వాత మాటల్లో యథాలాపంగా చెప్తే మా ఆయన లాక్కెళ్లారు. డాక్టరు తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. పోయిందంటే నయమైందని కాదు, అది హెచ్చరికట. ఇలా వచ్చిపోయిన తర్వాత అసలు పక్షవాతం వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువట. నేను ఆ రెండు రోజులూ ఇల్లు సర్దుకుంటూ గడిపాను! మెడలో రక్తనాళానికి స్కాన్ తీస్తే పూడిక బయటపడింది. పాతికేళ్ల సిగరెట్టు. ఆడవాళ్లు చెప్పుకోరు గానీ, కాల్చేవాళ్లు ఉన్నారు, ఇదిగో నేను.

నిద్రలేనివాడు:

గురకని ఎవరూ లెక్కలో వేయలేదేం? నాకు మూడు మాత్రలు వేసినా బీపీ దిగేది కాదు. నిద్రలో ఊపిరి ఆగుతోందని మా ఆవిడే కనిపెట్టింది. స్లీప్ టెస్టు, ఆ తర్వాత రాత్రి గొట్టంలోంచి గాలి ఊదే మాస్కు. నన్ను చూస్తే మనవడు ఏనుగంటాడు. పొద్దున తలబరువు మాత్రం పోయింది, ఇప్పుడు ఒక మాత్ర తగ్గించారు.

చిన్నకొడుకు:

నాన్న కూడా పెద్ద గురక. ఈసారి అడుగుతాను. ఒక ప్రశ్న. బీపీ బాగా తగ్గిస్తే పోయిన చురుకుదనం తిరిగొస్తుందా?

రాత్రి_డ్యూటీ:

చచ్చిపోయిన చోటు తిరిగి రాదండి. కొత్త దెబ్బలు పడకుండా ఆపడమే ముఖ్యం. స్ప్రింట్ అని పెద్ద పరిశోధన జరిగింది, 50 దాటిన 9,361 మందితో. పై అంకెని 140 కన్నా తక్కువకి కాకుండా 120 కన్నా తక్కువకి తెద్దామని చూసిన వాళ్లలో, మతిమరుపుకి ముందు మెట్టు అనుకునే స్థితి దాదాపు 19 శాతం తక్కువ కనిపించింది. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. పూర్తిస్థాయి మతిమరుపులో తేడా మాత్రం రుజువు కాలేదు. పైగా అందులో షుగర్ ఉన్నవాళ్లనీ, అప్పటికే పక్షవాతం వచ్చినవాళ్లనీ తీసుకోలేదు. కాబట్టి ఆ అంకెని పట్టుకెళ్లి మీ నాన్నగారికి 120 కావాలని పట్టుబట్టకండి. మరీ దించితే కళ్లు తిరిగి పడిపోయే వాళ్లూ ఉంటారు. ఎంతకి తేవాలో ఆయన్ని చూసే డాక్టరే చెప్పాలి.

మూడోతరం:

మా అమ్మమ్మ విషయం కూడా రాస్తున్నా, అన్నీ పక్షవాతం కిందే వేసుకోకుండా. చెప్పిందే చెప్పడం, మాటకి సంబంధం లేని జవాబులు. మతి పోయిందనుకున్నాం. సగం వినిపించకపోవడం, మిగతా సగం బి12 లోపం, ఏళ్లుగా వేసుకుంటున్న నిద్రమాత్ర. మాత్ర మెల్లగా తగ్గించారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, మిషన్ పెట్టించాం. పూర్వపు మనిషి కాలేదు గానీ కబుర్లలో పడింది. థైరాయిడ్ కూడా చూపించండి. వినికిడి మిషన్ మతిమరుపుని ఆపుతుందా అంటే, 2023లో వచ్చిన ఒక పరిశోధనలో అందరికీ కలిపి చూస్తే తేడా లేదు, ముప్పు ఎక్కువున్న పెద్దవాళ్లలో మాత్రం మూడేళ్లలో ఆలోచన, జ్ఞాపకశక్తి తగ్గే వేగం దాదాపు సగానికి నెమ్మదించింది. మాకైతే ఆమెతో మాట్లాడగలగడమే చాలు.

చిన్నకొడుకు:

అందరికీ థాంక్సండీ. ఒక్కోటి చదువుతుంటే మా ఇల్లే కనిపిస్తోంది. నాన్న ఈమధ్య ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు, అది కూడా చెప్పాలేమో డాక్టరుకి.

రాత్రి_డ్యూటీ:

తప్పకుండా చెప్పండి. పక్షవాతం వచ్చినవాళ్లలో మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. దానికి మందు ఉంది. "మగాడివి, ఏడుస్తావేంటి" అని ఎవరూ అనకుండా చూసుకోండి.

చిన్నకొడుకు:

ఇంకోటి జరిగింది. నాన్న కోసం బీపీ మిషన్ కొన్నాం. పనిచేస్తోందో లేదో చూద్దామని అన్నయ్య తన చేతికి పెట్టుకున్నాడు. 158/98. వాడికి 41. మిషన్ తప్పు చూపిస్తోందని నాకు పెట్టాడు, నాకు 118/76 వచ్చింది. అప్పట్నుంచి ఎవరితోనూ మాట్లాడట్లేదు.

రాత్రి_డ్యూటీ:

ఒక్కసారి చూసి తేల్చలేం. అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్ వద్దు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమనండి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో. పట్టీ చొక్కా మీద కాదు, ఒంటి మీద. చెయ్యి లావైతే పెద్ద పట్టీ కావాలి, చిన్నది ఎక్కువ చూపిస్తుంది. మాట్లాడకూడదు, ఆయన ఎలాగూ మాట్లాడట్లేదన్నారుగా. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రాయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఆ కాగితం పట్టుకుని వెళ్లండి. నలభైల్లో ఎక్కే బీపీనే తర్వాత మెదడుకి ఎక్కువ చేటు చేస్తుంది, ఇప్పుడు దొరకడం మంచిదే. వారం చూద్దాం అన్నది ఇలాంటి అంకెలకే. 180/120 దాటినా, మూతి, మాట, చెయ్యి ఏది తేడాగా ఉన్నా కాగితాలు పక్కనపెట్టి అంబులెన్స్. స్కాన్ తీసేదాకా ఆస్పిరిన్ ఇవ్వొద్దు, అది రక్తస్రావం కూడా అయ్యుండొచ్చు.

చిన్నకొడుకు:

నాన్నే కాగితం మీద గళ్లు గీశారు, ఎడమచేత్తో, వంకరటింకరగా. అన్నయ్య, ఈరోజు పొద్దున: 152/96, 148/94.