గుజ్జు ఫ్యాక్టరీకి పన్ను తగ్గితే మా కాయకు రేటు పెరగాలి కదా?

బంగారుపాళ్యం రైతు:
మాకు మూడెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. 2025 సీజన్‌లో ఓ గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ కింద రెండు రాత్రులు పడుకున్నా. అడుగు వరస కాయ మెత్తబడి ట్రాలీ సందుల్లోంచి రసం కారుతా ఉంది, పైన ఈగలు. ఫ్యాక్టరీ కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, మేం 4 కలుపుతాం అని ప్రభుత్వం చెప్పింది. మేనేజర్ మాత్రం "పన్నులు కట్టలేక చస్తున్నాం, 8 యాడ నుంచి తెచ్చేది?" అన్నాడు. 2019లో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు కదా! మా కాయ రేటో, అంగట్లో జ్యూస్ ధరో, మావాడికి ఉద్యోగమో, ఏదో ఒకటన్నా మారాలి కదా?

తిరుపతి లెక్కలాయన:
అన్నా, నేను ఆడిటర్ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్నా. ఈ పన్ను లాభం మీద వేసేది. కాయ కొన్న డబ్బు, డబ్బాలు, కరెంటు, కూలి, వడ్డీ అన్నీ పోగా మిగిలితేనే కట్టాలి. మీకు రూపాయి ఎక్కువిస్తే ఆయన లాభం తగ్గి, పన్నూ తగ్గుతుంది. నష్టమొస్తే పన్నే లేదు. కాబట్టి ఆ మాట సాకు. ఆ ఏడాది అసలు దెబ్బ వేరే: పాత గుజ్జు గోడౌన్లలో ఉండిపోయింది, పైగా కాపు విరగకాసింది.

22 శాతం అందరికీ రాలేదు కూడా. రాయితీలు వదులుకున్న కంపెనీలకే అది, పన్ను మీద వేసే అదనపు పన్నులు సర్‌చార్జ్, సెస్ కలిపితే 25.17. భాగస్వామ్య సంస్థకు ఇప్పటికీ 30, పైన సెస్. 2019 సెప్టెంబరు 20న నిర్మలా సీతారామన్ ప్రకటించగానే సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా ఎగిరింది. టీవీ చూసి మా క్లయింట్ ఒకాయన మైసూర్‌పాక్ తెప్పించాడు. "సార్, మీది పార్ట్‌నర్‌షిప్, మీకు రాదు" అన్నా. డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

ఏడాదికి 1.45 లక్షల కోట్ల రాబడి తగ్గుతుందని కేంద్రమే అంచనా వేసింది. అందులో కొంత కంపెనీల అప్పులకు, కొంత వాటాదార్లకు పోయింది. జ్యూస్ ధర పక్క సీసాను చూసి పెడతారు, లాభం పన్ను చూసి కాదు. సీసా మీద నేరుగా పడేది జీఎస్టీ.

ఇక జీతాల సంగతి. జర్మనీలో వ్యాపార పన్ను రేటు ఊరూరికీ వేరు. పెరిగిన పన్నులో దాదాపు సగం జీతాల మీదే పడిందని 2018లో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. పెట్టుబడి వేరే చోటికి పోగలదు, పనివాడు ఇల్లూ పిల్లల బడీ వదిలి అంత సులువుగా పోలేడు. మీ కాయ అయితే మూడో రోజుకి కుళ్లిపోతుంది.

సత్యవేడు కుర్రాడు:
నేను శ్రీసిటీలో ఓ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. 2019 అక్టోబరు 1 తర్వాత పెట్టి, 2024 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలెట్టిన కొత్త తయారీ కంపెనీలకు 15 శాతమే. ఆ రేటుకే వచ్చామని పెద్ద సార్లు అంటారు. నాకైతే చెన్నై దగ్గర కావడమే ఎక్కువ పనిచేసిందనిపిస్తుంది. ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. కానీ పన్నులో మిగిలిన డబ్బుతో మెషీన్ కూడా కొనొచ్చు. మా లైన్లో పన్నెండు మంది బిగించే స్క్రూలు ఇప్పుడు మెషీన్, నలుగురు చాలు. ఆర్డర్లు తగ్గితే కాంట్రాక్టు పిల్లల్ని ఇంటికి పంపేస్తారు, పన్ను ఎంతున్నా సరే. మీవాడు ఐటీఐ చేసుంటే బయోడేటా పంపమను అన్నా.

బంగారుపాళ్యం రైతు:
ఫిట్టర్ చేశాడు తమ్ముడూ, పంపిస్తా. లెక్కల అన్నా, ఆ ఫ్యాక్టరీ బోర్డు మీద ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంది. అంటే వాళ్లకి తగ్గినట్టే కదా?

తిరుపతి లెక్కలాయన:
తగ్గిందిలే, కానీ 30 నుంచి కాదు. టర్నోవర్ 400 కోట్ల లోపు కంపెనీలకు ఆ సెప్టెంబరుకు ముందే 25 శాతం. లాభం కోటి లోపయితే సెస్‌తో 26 కట్టేవాళ్లు, ఇప్పుడు 25.17. వంద రూపాయల లాభం మీద 83 పైసలు మిగిలింది.

బంగారుపాళ్యం రైతు:
83 పైసలా! దాని కోసమా నేను ఇన్నాళ్లూ ఆ మేనేజర్‌ను తిట్టుకుంటున్నది? సరే, ఆ రెండు రాత్రుల ట్రాక్టర్ బాడుగకైతే ఇంకా తిడతా.