మోటార్ అరుస్తోంది, బోటు కదలట్లేదు: ఏం చేయాలి?

అన్నలూ, మాది నేరేడుగొమ్ము మండలం. సాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపలు పడతాం. 18 అడుగుల ఫైబర్ బోటుకు పాత 9.9 హార్స్‌పవర్ మోటార్ బిగించాను. ఒక్కణ్నే ఉంటే బాగానే పోతోంది. వలలు, ఐస్ డబ్బా ముందువైపు వేసి కాస్త గట్టిగా మలుపు తిప్పితే చాలు, ఇంజన్ గీపెడుతుంది, బోటు మాత్రం అక్కడే!

నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) లోపలి రబ్బరు జారుతోందేమోనని, మధ్య బుష్ నుంచి ఫ్యాను మీదికి పెయింట్‌తో ఒకే గీత గీశాను. తిరిగొచ్చి చూస్తే గీత చెదరలేదు, అంటే రబ్బరు జారట్లేదు. కూలింగ్ నీళ్ల ధార కూడా బాగానే ఉంది. టేపుతో కొలిస్తే షాఫ్టు 15 అంగుళాలది, మోటార్ బిగించే వెనక చెక్క ఎత్తు 17. ఫ్యాను పైనుండే ప్లేటు బోటు అడుగు కన్నా రెండంగుళాలు పైకుంది. అందుకే ఫ్యాను నీళ్లతో పాటు పైనుంచి గాలి పీలుస్తోందని నా అనుమానం. మెకానిక్ ఫ్యాను మార్చమంటున్నాడు (అమ్మేదీ ఆయనే లెండి).

చెక్క రెండంగుళాలు కోస్తే గాలిరోజు అలకు నీళ్లు లోపలికొస్తాయా? అలా కోసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేక లాంగ్ షాఫ్ట్ మోటారే దిక్కా?