సింధు జలాల ఒప్పందం: ఏ సిద్ధాంతంతో చదవాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం విద్యార్థిని

నమస్కారమండి. విజయవాడలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. అంతర్జాతీయ సంబంధాల పేపరులో వాస్తవికవాదం (దేశాలను నడిపేది బలం, భద్రత), ఉదారవాదం (సంస్థలు, వ్యాపారం దేశాల మధ్య సహకారాన్ని పెంచుతాయి), నిర్మాణవాదం (దేశాలు ఒకదాన్నొకటి ఎలా చూస్తాయో అదే ప్రవర్తనను మలుస్తుంది) మూడూ చదివాను. ఎవరేమన్నారో చెప్పగలను గానీ, చిక్కంతా అన్వయం దగ్గర వస్తోంది. భారత్, పాకిస్తాన్‌ల మధ్య సింధు, దాని ఉపనదుల నీటిని పంచిన 1960 నాటి సింధు జలాల ఒప్పందం మీద వ్యాసం రాయబోతే మూడు సిద్ధాంతాలూ దానికి ఇట్టే సరిపోతున్నాయి. 1965, 1971, 1999 యుద్ధాలను ఒప్పందం తట్టుకున్నదంటే అది సంస్థల బలమని ఉదారవాదం అంటుంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత భారత్ దాన్ని నిలుపుదల చేసిందంటే అది బలమున్నవాడి నిర్ణయమని వాస్తవికవాదం అంటుంది. ఏం జరిగినా ఏదో ఒక వాదం సరిపోతున్నప్పుడు, వీటిలో ఏది నిలుస్తుందో తేల్చడం ఎలా?

జవాబు 1: బ్రాడీపేట అధ్యాపకుడు

అడగవలసిన ప్రశ్నే అడిగావమ్మా. ముందుగా వాస్తవికవాదుల 'అరాజకత' అన్న మాటను సరిగా పట్టుకోవాలి. జవాబు పత్రాల్లో చాలామంది దాన్ని అల్లకల్లోలం అన్న అర్థంలో రాస్తుంటారు. దేశాల మీద తీర్పు చెప్పి, దాన్ని అమలు చేయించే పెద్ద దిక్కు లేకపోవడమే అరాజకత. 2023 నవంబరు చివర్లో నాగార్జునసాగర్ డ్యాం మీద ఏం జరిగిందో గుర్తు చేసుకో. ఆంధ్ర పోలీసులు సగం గేట్ల దాకా వచ్చి కంచె వేశారు, అవతల తెలంగాణ పోలీసులు నిలబడ్డారు. కేంద్ర హోం శాఖ కల్పించుకున్నాక ఇరుపక్షాలూ సర్దుకున్నాయి, డ్యాం సీఆర్‌పీఎఫ్ పర్యవేక్షణలోకి వెళ్లింది. భారత్, పాకిస్తాన్‌ల నడుమ అలాంటి హోం శాఖా లేదు, సీఆర్‌పీఎఫ్ కూడా లేదు. వాస్తవికవాది కెన్నెత్ వాల్ట్జ్ 1979లో చేసిన వాదనంతా ఈ లోటు చుట్టూనే తిరుగుతుంది: పైన ఎవరూ లేరు గనుక ప్రతి దేశమూ తన భద్రత తానే చూసుకోవాలి.

ఇక నీ సందేహానికి వస్తే, ప్రతి సిద్ధాంతాన్నీ ఒకే ప్రశ్న అడుగు: ఏది జరిగితే నీ మాట తప్పినట్టు? ఎగువన ఉన్న బలమైన దేశం, శత్రువుగా భావించే దేశానికి అరవై ఏళ్లకు పైగా నీటిని మాట ప్రకారం వదలడం వాస్తవికవాదానికి గట్టి ఇబ్బందే. సంస్థలు సమాచారాన్ని అందించి అనుమానాన్ని తగ్గిస్తాయని ఉదారవాద పక్షాన రాబర్ట్ కియోహేన్ 1984లో వాదించారు. అది నిజమైతే తగాదాలు సైన్యాల దాకా పోకుండా నిపుణుల దగ్గరే తేలాలి. జమ్మూ కశ్మీర్‌లో భారత్ కట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టుల మీద వచ్చిన తగాదాల్లో బాగ్లిహార్ వివాదం 2007లో తటస్థ నిపుణుడి దగ్గర, కిషన్‌గంగా వివాదం 2013లో మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో అలాగే తేలాయి. అరాజకతకు అర్థం దేశాలే కల్పించుకుంటాయని 1992లో నిర్మాణవాది అలెగ్జాండర్ వెంట్ అన్నారు. ఆ లెక్కన ప్రవర్తన కంటే ముందు దృష్టి మారాలి. 2016లో ఉరీ దాడి తర్వాత 'రక్తం, నీరు కలిసి ప్రవహించలేవు' అన్న మాట ప్రధాని నోట వచ్చింది. ఇంజనీర్ల ఫైలులో ఉన్న నీరు దేశభద్రత ఫైలులోకి మారింది. నిలుపుదల ఆ తర్వాత తొమ్మిదేళ్లకు వచ్చింది. అందుకే ఈ విషయంలో నేను నిర్మాణవాదం వైపే మొగ్గుతాను.

జవాబు 2: రిటైర్డ్ ఇంజనీరు, విజయవాడ

మాస్టారూ, మీ వాదనలో ఒక అంకె లోపించింది. నీటిపారుదల శాఖలో పనిచేసినవాణ్ని గనుక నా చూపు అటే పోతుంది. ఒప్పందం ప్రధానంగా పాకిస్తాన్‌కు కేటాయించిన సింధు, జీలం, చీనాబ్‌లలో ఏటా పారే నీరు సుమారు 135 మిలియన్ ఎకరాల అడుగులని చెబుతారు. వాటి మీద భారత్ నిల్వ చేసుకోవడానికి ఒప్పందం అనుమతించింది 3.6 మిలియన్ ఎకరాల అడుగులు. మన లెక్కలో 157 టీఎంసీలకు దగ్గర, అంటే 312 టీఎంసీల సాగర్‌లో సగం. ఆ సగాన్ని కూడా మనం పూర్తిగా కట్టుకోలేదు. ఆపడానికి జలాశయమే లేనప్పుడు నీరు వదలడాన్ని మాట నిలబెట్టుకోవడంగా ఎలా లెక్కిస్తాం? గేటు లేని కాలువ పక్కన నిలబడి నీళ్లు వదిలానని చెప్పుకున్నట్టు ఉంటుంది. వాస్తవికవాది ఇక్కడ ఓడిపోలేదు, ఆయనకు పరీక్షే జరగలేదు. చీనాబ్ మీద పెద్ద నిల్వ కట్టిన తర్వాత కూడా నీరు పారితే, అప్పుడు మీ పక్షానికి మార్కులు వేయవచ్చు.

జవాబు 3: మిర్చి యార్డు కుర్రాడు, గుంటూరు

మా నాన్నగారికి యార్డులో కమిషన్ వ్యాపారం ఉంది గనుక ఉదారవాదం గురించి ఒక్క మాట. చైనా మన తేజ రకం మిర్చికి పెద్ద కొనుగోలుదారు. 2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనాతో ఘర్షణలో మన సైనికులు ఇరవై మంది అమరులయ్యారు; 2021లో రెండు దేశాల వ్యాపారం 125 బిలియన్ డాలర్లకు చేరింది. వ్యాపారం ఆ ఘర్షణను ఆపలేదు, ఘర్షణా వ్యాపారాన్ని ఆపలేదు. ఎక్కువ వ్యాపారం ఉంటే శాంతి ఉంటుందని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఇది ఎక్కడా ఇమడదు. పరస్పర ఆధారంలో ఎవరు ఎవరి మీద ఎక్కువ ఆధారపడ్డారో కూడా చూడాలని 1977లోనే కియోహేన్, జోసెఫ్ నై అన్నారు. మన దిగుమతులు మన ఎగుమతుల కంటే ఎన్నో రెట్లు. వ్యాసంలో ఆ అసమానతను తప్పక రాయండి.

జవాబు 4: సత్యనారాయణపురం విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలండి. ఇంజనీరు గారి అంకె చూశాక వ్యాసం మొదటి భాగం మొత్తం కొట్టేశాను. 1960 నుంచి 2025 దాకా నీరు పారడాన్ని ఏ వాదానికీ రుజువుగా వాడను. దాని బదులు ఒక చిన్న సంఘటన తీసుకుంటున్నాను. ఒప్పందం నిలుపుదలలో ఉండగానే, 2025 ఆగస్టులో జమ్మూ మీదుగా పాకిస్తాన్‌లోకి పారే తావి నదికి వరద వస్తుందని భారత్ పాకిస్తాన్‌కు ముందుగా తెలిపింది. ఆ కబురు ఒప్పందం కింద ఏర్పడిన ఉమ్మడి సంస్థ సింధు కమిషన్ ద్వారా వెళ్లలేదు, ఇస్లామాబాద్‌లోని హైకమిషన్ ద్వారా వెళ్లింది. సంస్థ పక్కకు జరిగినా అలవాటు మిగిలింది. దాని వల్ల బలం పెరగలేదు, లాభమూ రాలేదు. మాస్టారూ, ఇక్కడ కియోహేన్ మాట తప్పినట్టా, వెంట్ మాట నిలిచినట్టా? నాకు రెండోదే అనిపిస్తోంది, వ్యాసం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.