అప్‌డేట్: నాన్న మగ్గం మానలేదు, గుంటలోంచి మాత్రం బయటికొచ్చారు

మాది పోచంపల్లి. నాన్న ఇక్కత్ చీరలు నేస్తారు. మోకాళ్లు నొప్పి, మగ్గం మానేయమంటే వినట్లేదు, ఎలా ఒప్పించాలని మొన్న ఇక్కడ అడిగాను. మాన్పించకు, గుంట మగ్గం (నేలలో గుంట తవ్వి, కాళ్లు అందులో పెట్టి నేల మీద కూర్చుని నేసేది) తీసి స్టాండు మగ్గం (ఎత్తుగా బల్ల మీద కూర్చుని నేసేది) పెట్టించు అన్నారు ఒకరు. అదే చేశాను.

మొదట నాన్న ఒప్పుకోలేదు, చేయి అలవాటు తప్పుతుందని. రెండు వారాలు పట్టింది. నిన్న ఫోన్‌లో, "బల్ల మీద కూసుంటున్న బిడ్డా, లేచేటప్పుడు గోడ పట్టుకుంట లేను" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

నా ఇంజినీరింగ్ నాలుగేళ్లూ ఆయన రాత్రిళ్లు కూడా నేశారు. చిటికి కట్టేటప్పుడు, అంటే రంగు అంటకూడని చోట్ల, సైకిల్ ట్యూబు రబ్బరు ముక్కలతో నూలును బిగించి బిగించి వేళ్లు కాయలు కాచాయి. రంగు అద్దకముందే చీర మొత్తం డిజైను ఆయన మనసులో ఉంటుంది, పడుగూ పేకా (నిలువు, అడ్డం పోగులు) నేతలో కలిసేసరికి పువ్వు సరిగ్గా విచ్చుకుంటుంది. నేను రాసే కోడ్‌లో అంత లెక్క ఎప్పుడూ లేదు.

పోయినసారి ఇంటికెళ్లినప్పుడు ఆ మాట ఆయనతోనే చెప్పాను. ఏమీ అనలేదు. నూలు చుట్టిన కండె మార్చుకుంటూ, "అన్నం తిన్నవా?" అని అడిగారు.

సలహా ఇచ్చినవారికి చాలా థ్యాంక్స్.