ఇరవై మూడేళ్లకు ఒపేరా నేర్చుకోవడం ఆలస్యమా?

ప్రశ్న: ఎనిమిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఒపేరా, అంటే పాటలతోనే సాగే పాశ్చాత్య నాటకం, పాడిన ఇటలీ గాయకుడు పవరోట్టి పాట విన్నప్పటి నుంచి టెనర్ గాత్రం (మగవారి హెచ్చు స్థాయి గొంతు) మీద మనసు పడింది. ఆయన ఎప్పుడు మొదలుపెట్టారు?

జవాబు: మీకేమీ ఆలస్యం కాలేదండీ. ఆయన 1935లో ఇటలీలోని మోదెనాలో పుట్టారు. తండ్రి రొట్టెలు కాల్చేవారు, ఆయనా మంచి టెనరే. కొడుకు అసలు సాధన పందొమ్మిదో ఏట అర్రిగో పోలా దగ్గర మొదలైంది. గురువు రుసుము తీసుకోలేదు. మొదట్లో పాటలు లేవు, అచ్చుల సాధనే. మన సరళీ వరుసలు గుర్తొచ్చాయి కదూ! తర్వాత మాంటువా ఊళ్లో కాంపొగల్లియాని అనే గురువు దగ్గర నేర్చుకున్నారు. పొట్టకూటికి బడిలో పాఠాలు చెప్పారు, బీమా పాలసీలు అమ్మారు. మధ్యలో స్వరతంత్రుల మీద కాయ లేచి, పాట మానేద్దామనుకున్నారు కూడా. 1961 ఏప్రిల్ 29న రెజ్జో ఎమీలియాలో 'లా బొహేమ్' అనే ఒపేరాలో నాయకుడు రొడోల్ఫోగా తొలిసారి వేదికెక్కారు. ఏడేళ్ల సాధన! నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇదే.

మరో జవాబు: అక్కడితో నేర్చుకోవడం ఆగలేదు. 1965లో ఒపేరా గాయని జోన్ సదర్లాండ్‌తో ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు, ఆవిడ పాడుతుంటే ఆవిడ డొక్కల మీద చేతులుంచి, ఊపిరిని కండరాలు ఎలా ఆపుతున్నాయో తడిమి తెలుసుకున్నారు. అప్పటికే పేరున్న గాయకుడు! తర్వాతి ఏడాది లండన్‌లో ఒకే పాటలో తొమ్మిది తారస్థాయి 'సి' స్వరాలు (టెనర్లకు చాలా కష్టమైన హెచ్చు స్వరం) నిండుగొంతుతో పలికించారు.

ప్రశ్నించినవారు: చాలా సంతోషమండీ. రేపటి నుంచి అచ్చులతోనే మొదలుపెడతాను. గురువు కోసం కూడా వెతుకుతున్నాను.