అడ్మిన్ షార్ట్‌కట్‌కి ఫైలు పేరు అందించేదెలా?

విండోస్ 11లో యూఏసీ (అడ్మిన్ హక్కులు ఇచ్చేముందు విండోస్ చూపే అనుమతి పెట్టె) అనుమతి అడగకుండా ఒక ప్రోగ్రామ్‌ని అడ్మిన్ హక్కులతో తెరిచే డెస్క్‌టాప్ షార్ట్‌కట్ కావాలి. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ పెడితే హక్కులు వస్తాయి, కానీ ప్రతిసారీ అనుమతి అడుగుతూనే ఉంటుంది. అందుకని టాస్క్ షెడ్యూలర్‌లో (పనులను ముందే అమర్చి నడిపే విండోస్ సాధనం) ‘రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలేజెస్’ టిక్‌తో ఒక టాస్క్ చేసి, షార్ట్‌కట్ టార్గెట్‌లో ఆ టాస్క్‌ని నడిపే ఎస్‌సీహెచ్‌టాస్క్స్ రన్ కమాండ్, టాస్క్ పేరు ఇచ్చాను.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే తెరుచుకోలేదు. టాస్క్ కండిషన్స్‌లో ఏసీ పవర్ టిక్ తీసేస్తే సరిపోయింది. టాస్క్‌లోని ‘స్టార్ట్ ఇన్’ ఖాళీగా వదిలితే ప్రోగ్రామ్ తన సెట్టింగ్స్ ఫైలును విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో వెతుకుతోంది, అందుకని ‘స్టార్ట్ ఇన్’లో ప్రోగ్రామ్ ఫోల్డర్ దారి కొటేషన్లు లేకుండా ఇచ్చాను. టాస్క్ ప్రయారిటీ మామూలుగా 7 (అంకె పెరిగేకొద్దీ ప్రాధాన్యం తక్కువ) ఉంటుంది కాబట్టి ప్రోగ్రామ్ నెమ్మదిస్తుంది. టాస్క్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి, వచ్చిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో దాన్ని 6 చేసి మళ్ళీ ఇంపోర్ట్ చేయాల్సి వచ్చింది.

మిగిలిన చిక్కు ఒక్కటే. షార్ట్‌కట్ మీదికి ఫైలును లాగి వదిలితే దాని దారి ప్రోగ్రామ్‌కి చేరడం లేదు, ఎందుకంటే ఆ రన్ కమాండ్ అదనపు ఆర్గ్యుమెంట్లు (ప్రోగ్రామ్‌కి అందించే ఫైలు పేరు లాంటి వివరాలు) తీసుకోదు. పవర్‌షెల్ స్క్రిప్ట్‌తో టాస్క్‌ని నడిపి ఆర్గ్యుమెంట్ పంపవచ్చు, కానీ ప్రతిసారీ నల్ల విండో మెరిసి పోతోంది. అది కనిపించకుండా, ఖాళీలున్న ఫైలు పేర్లు కూడా సరిగ్గా చేరేలా ఎవరైనా చేశారా? సాధారణ హక్కులున్న వేరే ప్రోగ్రామ్ ఏదైనా ఇదే టాస్క్‌కి తన ఫైలు అంటగట్టకుండా ఆపే దారి కూడా చెప్పండి, నాకు అదే ఎక్కువ ఆందోళనగా ఉంది.